రాత్రి చెమటకు ఒక కారణం, దాని వాసనకు మరొక కారణం

విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో స్నానం చేసి పడుకున్నవారికి కూడా తెల్లవారేసరికి దిండు గలీబు తడిసి ఉంటుంది. సముద్రపు గాలిలోని తేమకు చెమట ఆరదు కాబట్టి ఈ ఊళ్లో రాత్రి చెమటను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. ఆ అలవాటు ఒక్కోసారి అసలు జబ్బును కప్పిపెడుతుందని నా గట్టి అభిప్రాయం. గది చల్లగా ఉన్నా, డిసెంబరు రాత్రి అయినా, లేచి బట్టలు మార్చుకోవలసినంతగా చెమట పట్టడం, అది పదే పదే జరగడం ఉక్కపోత కిందికి రావు. దానికి మునుపు లేని వాసన కూడా తోడైతే మన ఇళ్లలో ముందుగా కలిగేది సిగ్గు. డాక్టరుకు చెమట సంగతి చెప్పి వాసన సంగతి దాచేవారు చాలామంది ఉన్నారు.

నిజానికి అప్పుడే పుట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. ఒంటి మీద అంతటా ఉండే గ్రంథుల నుంచి వచ్చేది ఎక్కువగా నీరు, ఉప్పు. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథులు కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కని ద్రవాన్ని విడుస్తాయి. చర్మం మీది బాక్టీరియా దానిని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. కాబట్టి ఏ కారణం చేతనైనా రాత్రంతా చెమటలో నానితే, అందులోనూ పాలిస్టరు నైటీలోనో వానాకాలంలో సరిగా ఆరని బనీనులోనో నానితే, వాసన మారడంలో వింత లేదు. అందుకే చెమట ఎందుకు పడుతోందన్నది ఒక ప్రశ్నగా, వాసన ఎందుకు మారిందన్నది మరొక ప్రశ్నగా విడదీసి అడగాలి.

ఈ తేడా నాకు తెలిసివచ్చింది గాజువాకలో ఉండే మా పిన్ని విషయంలో. ఆమె షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. రాత్రి అన్నం మానేసి ఒక్క పుల్కాతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాక, తెల్లవారుజామున ఒళ్లంతా చల్లని చెమటతో, చేతుల వణుకుతో, గుండెదడతో లేచి కూర్చునేది. దుప్పటి నుంచి మెంతుల డబ్బా మూత తీసినప్పటి వాసన వచ్చేది. మందులు ఒళ్లు పాడుచేశాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒక రాత్రి ఆ సమయంలోనే గ్లూకోమీటరుతో చూస్తే చక్కెర 70 కంటే బాగా తక్కువగా ఉంది. తిండి తగ్గినా మాత్ర తగ్గకపోవడంతో చక్కెర పడిపోయి ఆ చెమట పడుతోందన్నమాట. మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించి, పావుగంట తరవాత మళ్లీ చూసి, మర్నాడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన మాత్ర మోతాదు తగ్గించారు, చెమటలు ఆగాయి. వాసన మాత్రం ఆగలేదు, ఎందుకంటే ఆమె షుగరు కోసం రోజూ పొద్దున్నే నానబెట్టిన మెంతులు తింటోంది. మెంతులకు ఆ పరిమళాన్నిచ్చే సొటొలోన్ అనే పదార్థం చెమటలోనూ మూత్రంలోనూ బయటికి వస్తుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. వెల్లుల్లి కూడా ఇలాగే చెమటలో తెలుస్తుంది.

అయితే అన్ని వాసనలూ ఇంత నిరపాయకరం కావు. షుగరు రోగి ఊపిరిలో మగ్గిన పండు వాసనో గోళ్లరంగు చెరిపే ద్రవం వాసనో వచ్చి, వాంతులు, ఆయాసం, మగత ఉంటే అది ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుపోయిన లక్షణం. తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే కేజీహెచ్‌ వంటి అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అమ్మోనియా ఘాటు మాంసకృత్తులు మితిమీరి తిన్నా రావచ్చు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నా రావచ్చు, కనుక క్రియాటినిన్ పరీక్ష చేయించడం మంచిది. చేపల నీచు వాసన ఎంత తోమినా పోకపోతే ట్రైమిథైలమినూరియా అనే అరుదైన జన్యుపరమైన స్థితి కావచ్చు. కాలేయంలోని ఒక ఎంజైము సరిగా పనిచేయనివారికి సముద్రపు చేపలు, గుడ్లు తిన్నప్పుడు అది ఎక్కువవుతుంది. వంజరం, కానగంతలు లేనిదే ముద్ద దిగని మన తీరంలో అలాంటివారిని శుభ్రత లేనివారని నిందించడం చాలా అన్యాయం.

ఇక చెమట కారణాలలో మన దగ్గర మరువకూడనిది క్షయ. సాయంత్రం పూట సన్నని జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం చెమటతో కలిసి కనిపిస్తే వెంటనే కఫం పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షా, మందులూ ఉచితం. ఆ మందులలోని రిఫాంపిసిన్ వల్ల చెమట, మూత్రం నారింజ రంగుకు మారితే భయపడి మానేయకూడదు. పాడేరు, అరకు వైపు వెళ్లివచ్చాక చలిజ్వరం వచ్చి చెమటతో దిగుతుంటే మలేరియా రక్తపరీక్ష అవసరం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ముట్లుడిగే వయసు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, మద్యం, కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు కూడా కారణాలే. మెడలోనో చంకలోనో నొప్పిలేని గడ్డ తగిలి, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు తగ్గితే లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సరు కాదని తేల్చుకోవాలి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు చెమట పట్టిన వేళ, అప్పటి జ్వరం, ఆ రాత్రి తిన్నది, వాసన దేనిని పోలి ఉందో కాగితం మీద రాసుకుని, వాడుతున్న మాత్రలతో పాటు ఇంట్లో తాగే కషాయాలు, పొడులు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి. పిన్ని మెంతుల సంగతి ఏ చీటీలోనూ లేదు. డాక్టరు అడిగితేనే బయటపడింది.