టీచరమ్మ గొంతు

సంక్రాంతి సెలవుల తర్వాత నా గొంతు బొంగురుపోయింది. మా అంగన్‌వాడీ కేంద్రం రోడ్డు పక్కన ఒకే గది. ఒక మూల కుక్కర్ కూస్తుంటే, ఆ చప్పుడును మించి పాటలు పాడాలి, కథలు చెప్పాలి.

వేడి చేసిందని మజ్జిగ ఇచ్చింది అత్తయ్య. "కరక్కాయ బుగ్గన పెట్టుకోండి టీచరమ్మా" అంది మా ఆయా. నోరూరి కాసేపు హాయిగా ఉండేది కానీ, మధ్యాహ్నానికి మాట గాలిలా వచ్చేది. పిల్లలతో గుసగుసగానే మాట్లాడేదాన్ని. ఒకరోజు టీచరమ్మ ఆట ఆడుతూ ఒక పాప అచ్చం నా బొంగురు గొంతుతో తోటిపిల్లల్ని కూర్చోమంది. ఆ వారమే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ముక్కులోంచి సన్నని గొట్టం పంపి తెర మీద చూపించారు. రెండు తెల్లని స్వరతంత్రులు, వాటి మీద ఎదురెదురుగా సగ్గుబియ్యం గింజల్లా రెండు బొడిపెలు. గడ్డ అనగానే నాకు కాళ్లు వణికాయి. "క్యాన్సర్ కాదమ్మా. మాట్లాడేటప్పుడు ఆడవాళ్లకు ఈ తంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు తగులుకుంటాయి. రోజూ అరిస్తే ఆ రాపిడికి ఇలా గట్టిపడతాయి" అన్నారు. ఆపరేషన్ కాదు, ముందు వాయిస్ థెరపీ, అంటే గొంతును శ్రమ పెట్టకుండా వాడే సాధన అన్నారు. గుసగుసలు కూడా గొంతుకు శ్రమేనట. ఊరికే సవరించుకోవడమూ మానమన్నారు. నీళ్లు బాగా తాగమన్నారు.

నీళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. మా కేంద్రంలో మరుగుదొడ్డి లేదు. అందుకే ఇంటికి వెళ్లేదాకా గొంతు తడుపుకోవడమే తప్ప తాగడం ఉండదు. దీన్ని నా చెడ్డ అలవాటు అంటే ఒప్పుకోను. వసతి లేని చోట ఆడమనిషి నీళ్లు ఎలా తాగుతుంది? చివరికి పక్కింటావిడ తమ మరుగుదొడ్డి వాడుకోమంది. అప్పటి నుంచే సీసా వెంట పెట్టుకున్నాను.

గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా 'ఊ' అనడం నా రోజువారీ సాధన. పిల్లలను పిలవడానికి గజ్జెలు మోగిస్తాను. కథ చెప్పేటప్పుడు అందరినీ నా దగ్గరికి చేర్చుకుంటాను. దసరా నాటికి మాట తేటపడింది. పై స్థాయి మాత్రం ఇంకా పూర్తిగా అందడం లేదు.

మొన్న చుట్టుపక్కల అంగన్‌వాడీల సెక్టార్ సమావేశంలో ఇద్దరు టీచర్ల గొంతులు అలాగే వినిపించాయి. మూడు వారాలు దాటినా తగ్గని బొంగురును డాక్టరుకు చూపించాల్సిందేనని చెప్పాను. మరుగుదొడ్డి కోసం రాసిన అర్జీ మీద వాళ్లూ సంతకాలు చేశారు.