మీగడ మునిగిన సీసాలు

శుక్రవారం ఉదయం ఇంక్యుబేటర్ (లోపల వేడిని ఒకేలా ఉంచే పెట్టె) తలుపు తీసి చూస్తే, 12 గాజు సీసాల్లో ఏడింటి మీగడ అడుగున పడి ఉంది. మీగడ అన్నది నేను పెట్టుకున్న పేరు. బ్యాక్టీరియా కట్టే ఆ పొరను మా ప్రయోగశాలలో మ్యాట్ అంటారు. ముందు రోజు సాయంత్రం దాకా ద్రవం పైన దళసరిగా, గాజు గోడలను పట్టుకుని ఉన్న పొర తెల్లవారేసరికి నానిన కాగితంలా కిందికి జారిపోయింది. నేను పీహెచ్‌డీలో చేరి అప్పటికి అయిదు నెలలు. ఉత్తర జర్మనీలో నాకది మొదటి చలికాలం. ఏడుపు వచ్చింది కానీ చేతులకు గ్లౌజులున్నాయి. వాటితో కళ్ళు తుడుచుకోకూడదు.

నా పని సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ అనే బ్యాక్టీరియా మీద. అందులో ఎస్‌బీడబ్ల్యూ25 అనే రకాన్ని 1989లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి పొలంలో చక్కెర దుంప ఆకు మీది నుంచి సేకరించారు. తణుకు పక్కన చెరకు తోటల మధ్య పెరిగినదాన్ని కనుక దాని పుట్టుక వినగానే ఏదో చుట్టరికం కలిసినట్లు అనిపించింది. పెంచడం కూడా తేలికే. ఆరు మిల్లీలీటర్ల పోషక ద్రవంలో వేసి, 28 డిగ్రీల వేడిలో కదపకుండా వదిలేయాలి.

మొదట ద్రవమంతా మబ్బుగా మారుతుంది. కోట్ల కణాలు ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. ఇక గాలి దొరికే చోటు పైభాగం ఒక్కటే. అప్పుడు ఏదో ఒక కణంలో వచ్చిన చిన్న మ్యుటేషన్ వల్ల సెల్యులోజ్ జిగురు ఆగకుండా ఊరడం మొదలవుతుంది. కణం రెండుగా చీలినా పిల్లలు తల్లిని వదలవు. అలా అంటుకుంటూ అంటుకుంటూ ద్రవం మీద పొర కడతాయి. ఇదే కణాన్ని అగార్ ప్లేటు (జెల్లీలా గట్టిపడ్డ పోషకం ఉన్న పళ్ళెం) మీద పెంచితే కాలనీ, అంటే దాని నుంచి పెరిగిన కణాల గుంపు, ముడతలు ముడతలుగా వస్తుంది. అసలు రకం కాలనీ నున్నగా ఉంటుంది. 1998లో రెయినీ, ట్రావిసానో అనే శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. సీసాను కుదుపుతూ పెంచితే ఈ వైవిధ్యం నిలవదని కూడా తేల్చారు. ఈ సంగతి ఫోనులో అమ్మకు చెబితే, “పాలు కలుపుతూ కూర్చుంటే మీగడ కడుతుందా ఎక్కడైనా?” అంది. నేను రెండు వారాలు కుస్తీ పట్టిన వ్యాసంలో సగం ఆవిడకు ఒక్క వాక్యంలో తేలిపోయింది.

ఈ పొర ఊరికే రాదు. జిగురు తయారీకి ఖర్చు ఉంది. జిగురు చేసే కణం, చేయని కణం కన్నా మెల్లగా పెరుగుతుంది. అందరూ తలా కొంత భరిస్తే అందరికీ గాలి. అయితే పొరలో ఉంటూనే జిగురు చేయడం మానేసిన కణం పుట్టిందనుకోండి, చందా ఇవ్వకుండా పందిట్లో ముందు వరసలో కూర్చున్నట్లే. గాలి ఉచితం, పెరుగుదల వేగం. అలాంటివి ఎక్కువైతే పొర బలహీనపడి మునుగుతుంది, వాటితో సహా. 2003లో వచ్చిన మరో వ్యాసం ఈ సహకారాన్ని, ఈ కలహాన్ని వివరించింది. మొదట్లోనే ఎంత శాతం ఎగవేతదారులను కలిపితే పొర ఎన్నాళ్ళు నిలుస్తుందో కొలవడం నాకు అప్పగించిన పని. వినడానికి ఎంత బాగుందో!

ఆ శుక్రవారం మునిగిన ఏడు సీసాల్లో మూడింటిలో నేను ఎగవేతదారులను కలపనే లేదు. మరి ఎందుకు మునిగాయి? రోజూ ఫొటోల కోసం సీసాలను ఎత్తి దించుతున్నది నేనే. పొర అంచు గాజును పట్టుకుని ఉంటుంది. చిన్న కుదుపుకే చిరుగుతుంది. పైగా ఇంక్యుబేటర్ నలుగురిది. మా ల్యాబ్ టెక్నీషియన్, రిటైర్‌మెంటుకు దగ్గరపడిన పెద్దావిడ, నా గోడు విని ఏమీ అనలేదు. ఒక గ్లాసు నీళ్ళు లోపలి అరలో పెట్టి, బయటి తలుపును అందరం వేసేలాగే వేసి, వెంటనే తీసి లోపలి గాజు తలుపులోంచి చూడమన్నారు. గ్లాసులో నీళ్ళు ఇంకా వలయాలు వలయాలుగా ఊగుతూనే ఉన్నాయి. మర్నాటి నుంచి నా సీసాలు ఎవరూ వాడని పాత ఇంక్యుబేటర్‌లోకి మారాయి. ఏ రోజు లెక్కకు ఆ రోజు సీసా విడిగా పెట్టాను. ఒకసారి ముట్టుకున్నది మళ్ళీ లోపలికి వెళ్ళదు. 12 సీసాలు 60 అయ్యాయి. కడగడం కూడా నేనే.

రెండో తప్పు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ముడతల రకం మాత్రమే వేసిన సీసాల్లోని ద్రవాన్ని అగార్ ప్లేట్ల మీద పరిచి పెంచితే మధ్యలో నున్నని కాలనీలు కనిపించేవి. బయటి నుంచి ఏదో కలిసిపోయిందని భయపడి ఆ ప్లేట్లన్నీ పారేశాను. సామగ్రిని ఆటోక్లేవ్‌లో ఆవిరితో మళ్ళీ శుద్ధి చేశాను, పిపెట్లు మార్చాను, పోషక ద్రవం కొత్తగా కలిపాను. ఆరు వారాలు గడిచాయి. నున్నని కాలనీలు మాత్రం మానలేదు. మా గైడ్ చివరికి ఒకటే అడిగారు: “పారేసే ముందు ఒక్కటైనా గ్లిసరాల్‌లో వేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచారా?” దాచలేదు. నేను చేత్తో కలపాలనుకుంటున్న ఎగవేతదారులు నా సీసాల్లో వాటంతట అవే పుడుతున్నాయేమో అన్న ఆలోచన ఆ ఆరు వారాల్లో నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజు నుంచి అనుమానం వచ్చిన ప్రతి కాలనీకి ఫ్రీజర్‌లో చోటిచ్చాను.

లెక్కపెట్టడంలోనూ తంటాలే. అగార్ తడిగా ఉంటే ముడతల కాలనీ కూడా నున్నగా భ్రమ పెడుతుంది. రెండు రోజులు ఆగితే కానీ ముడతలు సరిగ్గా తేలవు. అంతకన్నా పెద్ద చిక్కు నా కళ్ళు. ఏ సీసాలో ఏముండాలో తెలుసు కనుక అవే కనిపించేవి. అందుకని పక్క బల్ల మిత్రుడి చేత ప్లేట్ల పేర్లు తీయించి అంకెలు రాయించుకున్నాను. మొదటిసారి అలా లెక్కించిన పట్టికను పాతదాని పక్కన పెట్టి చూసుకుని, పాతదాన్ని చించేశాను.

ఏడాది చివర కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అడిగారు: “పొర ఎగవేతదారుల వల్ల మునిగిందా, లేక బరువెక్కి మునిగిందా?” నా దగ్గర జవాబు లేదు. వయసు మీరిన పొర ఎవరూ ఎగవేయకున్నా తన బరువుకు తానే మునగవచ్చు. ఆ రాత్రి పాత వ్యాసాలు తిరగేస్తుంటే గాజుపూసల ఉపాయం దొరికింది. పొర మీద చిన్న గాజుపూసలను ఒక్కొక్కటే జారవిడుస్తూ, ఎంత బరువుకు తెగుతుందో చూడాలి. పరికరం ఏమీ లేదు. పట్టకారు, పూసలు, ఊపిరి బిగబట్టడం. ముడతల రకం ఒక్కటే ఉన్న మూడు రోజుల పొర మొదటి పూసకు చిన్న గుంట పడి ఆగింది. పూసలు పెరిగేకొద్దీ గుంట లోతై, మధ్యలో సంచిలా వేలాడింది కానీ తెగలేదు. సగం నున్నని రకం కలిపిన పొర, అదే వయసుది, నాలుగో పూసను మోయలేదు. పూస పొరను చీల్చుకుని నేరుగా అడుగుకు వెళ్ళి టిక్‌మంది. అంత చిన్న చప్పుడు ఎదురు బల్ల వరకు వినిపించింది.

జన్యుక్రమం ఫలితాలు వేసవిలో వచ్చాయి. నా ముడతల రకంలో చెడినది డబ్ల్యూఎస్‌పీఎఫ్ అనే జన్యువు. అది జిగురుకు బ్రేకు లాంటిది. సీసాల్లో తమంతట తాము పుట్టిన నున్నని కాలనీల్లోనూ ఆ చెడిన జన్యువు అదే చోట, అదే డీఎన్‌ఏ అక్షరం తేడాతో ఉంది. కొన్నిటిలో దానికి తోడు, జిగురు చేయమనే సంకేత అణువును తయారుచేసే డబ్ల్యూఎస్‌పీఆర్ జన్యువు కూడా చెడింది. బ్రేకు ఎప్పుడో పోయింది, ఇప్పుడు ఇంజను కూడా ఆగింది. ఆ ఆరు వారాలూ నేను చెత్తబుట్టలో వేసినవి బయటివాళ్ళని కాదు, ఈ ఇంటి పిల్లలనే.

పాత ఇంక్యుబేటర్ వెనక అరలో ఒక సీసా మరిచిపోయాను. దాని పొర మునిగి చాలా రోజులైంది, ద్రవమంతా నున్నని రకమే నిండి ఉంటుంది. నిన్న కడగడానికి తీయబోతే గాజు గోడ చుట్టూ ద్రవం అంచున సన్నని తెల్లని వలయం కనిపించింది. 2014లో ఆక్లండ్ బృందం ఒకటి ఈ ఎగవేతదారులనే విత్తనాల్లా వాడి పొరలను మళ్ళీ మళ్ళీ పుట్టించింది, కనుక ఇందులో కొత్త పొర మొదలవడం అసాధ్యమేమీ కాదు. ఎత్తకుండా, టార్చి వేసి చూసి, తలుపు మెల్లగా మూసి, దాని మీద “ముట్టుకోవద్దు” అని జర్మన్‌లో ఒకటి, తెలుగులో ఒకటి చీటీ అంటించాను.