యాసంగి వడ్లు అమ్ముడుపోయాక మారిషస్ రండి

మారిషస్‌లో పనిచేసే మనవాళ్ళందరికీ ఒక కోరిక ఉంటుంది. ఒక్కసారైనా ఇంట్లోవాళ్ళను రప్పించి, తాము బతుకుతున్న ఈ దీవిని చూపించాలి. వీడియో కాల్‌లో సముద్రం చూపిస్తే పిల్లలు కేకలు పెడతారు. కానీ ఆ నీళ్ళలో కాలు పెడితే ఎలా ఉంటుందో అమ్మకు ఫోన్‌లో ఎలా తెలుస్తుంది?

నాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఇక్కడ బిల్డింగ్ సైట్లలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాను. ఎప్పుడు రావాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. పిల్లలు సంక్రాంతి సెలవుల్లో వస్తామన్నారు. అమ్మ "శివరాత్రికైతే వస్త బిడ్డా" అంది. అన్నకేమో యాసంగి వడ్లు కాంటా అయ్యి, పైసలు ఖాతాలో పడేదాకా ఊరు కదిలే వీలు లేదు. ఎవరి మాట వాళ్ళకు న్యాయమే. అయితే ఇక్కడి ఆకాశాన్ని కూడా అడగాలి కదా. అడిగితే అది అన్న వైపే ఉంది.

మన పాలమూరు భూమధ్యరేఖకు పైన ఉంటే, మారిషస్ దాదాపు 20 డిగ్రీల దక్షిణాన ఉంది. అందుకని కాలాలు తిరగబడతాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఎండ, ఉక్కపోత, వానలు. మే నుంచి అక్టోబర్ దాకా చల్లగా, పొడిగా ఉంటుంది. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగిలేటప్పుడు ఇక్కడ చలికాలం అడుగుపెడుతుంది. ఆ చలి మనల్ని వణికించేంత కాదు. తీరం వెంట మధ్యాహ్నం చొక్కా మీద తిరగొచ్చు.

సంక్రాంతి సెలవుల్లో మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ తుఫాన్లు ఎక్కువగా వచ్చే కాలం. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో వరదకు కార్లు కొట్టుకుపోయాయి. ఇక్కడ తుఫాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. ఒకటో నంబరు వేశారంటే సైటులో మా పని మారిపోతుంది. పైపులు, షీట్లు, చెక్కలు, ఎగిరిపోయేది ఏది ఉన్నా తాళ్ళతో కట్టేస్తాం. తాత్కాలిక కరెంటు బోర్డులన్నీ ఆపి, ప్యానెళ్ళకు ప్లాస్టిక్ పట్టాలు చుట్టి, నీళ్ళు పోకుండా అంచులకు టేపు వేస్తాం. టవర్ క్రేన్‌ను మాత్రం కట్టేయరు. దాని బ్రేకు విప్పి, గాలి ఎటు తోస్తే అటు తిరిగేలా వదిలేస్తారు. కట్టేస్తే గాలి మొత్తం దాని మీదే పడి కూలిపోయే ప్రమాదం ఉంది. మూడో నంబరు వచ్చేసరికి అందరూ ఇళ్ళలో ఉండాలి, బస్సులు ఆగిపోతాయి. గాలి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో విసిరితే నాలుగోది వేస్తారు. ఏడాదంతా కూడబెట్టిన డబ్బుతో వచ్చిన కుటుంబం ఆ రోజుల్లో గెస్ట్ హౌస్ కిటికీలు మూసుకుని కూర్చుంటే ఎంత బాధ! ప్రతి జనవరిలోనూ తుఫాను వస్తుందని కాదు. కానీ పెద్దవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని ఆ పందెం ఎందుకు కాయాలి?

అమ్మ కోరిన శివరాత్రి సంగతి వేరు. మా వైపు శివ స్వాములు నల్లమల దాటి శ్రీశైలం నడిచిపోతారు. ఇక్కడా అంతే. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి జనం తెల్లబట్టలు కట్టుకుని, పూలతో, రంగు కాగితాలతో అలంకరించిన కావళ్ళు మోసుకుంటూ గంగా తలావ్‌కు నడిచిపోతారు. అది కొండల నడుమ, పాత అగ్నిపర్వతపు నోట్లో ఏర్పడిన చెరువు. ఒడ్డున 108 అడుగుల శివుడి విగ్రహం నిలబడి ఉంటుంది. ఆ భక్తి చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధం కాదు. కానీ లక్షల మంది జనం, గంటల తరబడి ట్రాఫిక్, పైగా ఫిబ్రవరి వానలు. అమ్మ మోకాళ్ళకు అది తట్టుకునే పని కాదు. అదే గంగా తలావ్‌కు మే నెలలో మామూలు సోమవారం పొద్దున పోతే మెట్ల మీద కూర్చుని చేతులారా పూజ చేసుకోవచ్చు. అక్కడ ఎత్తు ఎక్కువ, మంచు దిగుతుంది, చలిగాలి ఉంటుంది. శాలువా తప్పకుండా ఉండాలి. అమ్మకు ఇదంతా చెప్పాక ఒప్పుకుంది. "జనం లేకుంటే దేవుడు మన మాట ఇంటడు లే" అంది.

ఇక దసరా సెలవులు. నిజానికి వాతావరణం ఒక్కటే చూస్తే అక్టోబర్‌ను మించిన నెల లేదు. వానలు తక్కువ, సముద్రం మళ్ళీ వెచ్చబడుతుంది, జులై నుంచి అక్టోబర్ మధ్య పెద్ద పెద్ద హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా ఈ నీళ్ళలోకి వస్తాయి. వ్యవసాయం లేని ఇల్లు అయితే అక్టోబరే రమ్మంటాను. కానీ పత్తి ఏరే ఇళ్ళకు ఆ నెలలో ఊపిరి సలపదు. బతుకమ్మ వదిలేసి వదిన విమానం ఎక్కుతుందా? ఎక్కదు, ఎక్కమని అడగడం కూడా సరికాదు.

జులై, ఆగస్టుల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి తూర్పు తీరాన్ని వదలకుండా కొడుతుంది. పడమటి తీరంలోనో ఉత్తరాననో గది తీసుకోండి, అక్కడ గాలి తక్కువ. దీవి నడుమ ఉన్న క్యూర్‌పిప్ వైపు అయితే చలి, జల్లులు రెండూ ఉంటాయి.

అందుకే మే మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా అని తేల్చాం. కొనుగోలు కేంద్రంలో వడ్ల పని అయిపోతుంది, బడులు జూన్ రెండో వారం దాకా తెరవరు, ఊళ్ళో ఎండకు బయట కాలు పెట్టలేరు. ఇక్కడేమో తుఫాన్లు వెళ్ళిపోయి ఉంటాయి, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. డిసెంబర్ రద్దీ లేదు కాబట్టి గదులూ దొరుకుతాయి. సైటులో సెలవు అడగడం కూడా తేలిక. డిసెంబర్ చివరిలో అయితే అందరూ అడిగేవాళ్ళే. ఒక్క లోటు, పొద్దు తొందరగా పోతుంది. ఆరు కాకముందే సూర్యుడు మునుగుతాడు, దుకాణాలూ త్వరగా మూస్తారు. పొద్దున్నే బయల్దేరాలి. మనవాళ్ళకు అది కష్టమేం కాదు.

వచ్చాక ఏం చేయాలి? టూర్ వాళ్ళు చేతిలో పెట్టే పెద్ద జాబితాను పక్కన పెట్టండి. పారాసెయిలింగ్, స్పీడ్ బోట్లు, ఇవన్నీ డబ్బు తినే పనులు. ఇక్కడ బీచ్‌లన్నీ జనానివి. పెద్ద హోటల్ ముందున్న ఇసుక మీద కూడా ఎవరైనా కూర్చోవచ్చు. పడమట ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌లో సరుగుడు చెట్ల నీడలో చాప పరిచి, ఇంట్లో వండిన పులిహోర పెట్టుకుని రోజంతా గడపొచ్చు. ఆదివారం ఇక్కడివాళ్ళు చేసేదీ అదే. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, ఒడ్డున నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. అయినా అందరి కాళ్ళకూ రబ్బరు బూట్లు ఉండాలి. రాయిలాగే కనిపించే విషపు చేప ఒకటి అడుగున ఉంటుంది, దాని ముళ్ళు గుచ్చుకుంటే ఆసుపత్రే. దక్షిణాన గ్రిస్ గ్రిస్ దగ్గర పగడపు దిబ్బ లేదు. అక్కడ అలలను చూడాలే తప్ప నీళ్ళలోకి దిగకూడదు. పిల్లల చెయ్యి వదలకండి.

నేను మావాళ్ళకు అన్నిటికంటే ముందు చూపించాలనుకున్నది పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో మన దేశపు కూలీలు చెరుకు తోటల పనికి ఇక్కడికి చేరారు. ఆ తర్వాత దాదాపు 5 లక్షల మంది ఈ రేవు మీదుగా వచ్చారు. వాళ్ళు ఎక్కిన రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. లోపలికి టికెట్ లేదు. ఆదివారం పోవద్దు, మూసి ఉంటుంది. ఊరి మధ్యలో చిన్న జాగా, అరగంటలో చూసేయొచ్చు. కానీ పాలమూరు లేబర్ అని పేరు పడ్డ జిల్లా మనది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా మనవాళ్ళ చెమట ఉంది. బొంబాయి బస్సెక్కి పోయిన తాతలున్న ఇంట్లో పుట్టినవాడికి ఆ మెట్ల ముందు అరగంట చాలదు.

బస్సులో పోతుంటే చెరుకు తోటల నడుమ నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. మొదట నేనూ సహజంగా ఉన్నవే అనుకున్నాను. అవి దున్నడానికి నేల చదును చేస్తూ కూలీలు చేత్తో ఏరి పేర్చినవి. కొన్ని రెండంతస్తుల ఎత్తు ఉంటాయి. అన్న రాళ్ళ చెలక బాగుచేసుకుని పల్లి వేసినవాడు, ఒక్కో రాయి బరువు అతనికి తెలుసు. మే నెలలో చెరుకు పూతకొస్తుంది, తోటల మీద తెల్లటి కంకులు ఊగుతుంటాయి. ఆ గుట్టల దగ్గర బండి ఆపి చూపించాలి.

ఇక్కడి తెలుగువాళ్ళనూ కలవాలి. 1843లో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కోరంగి ప్యాకెట్ అనే ఓడలో వచ్చినవాళ్ళ వారసులు ఉన్నారు. సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజనలు చేస్తారు. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. నేను పోయే గుడిలో ఒక పెద్దాయన నాతో ఇక్కడి జనం భాష క్రియోల్‌లోనే మాట్లాడతాడు. భజన మొదలుపెడితే మాత్రం తెలుగు అక్షరం తప్పుపోదు. మా అమ్మ పక్కన కూర్చుని గొంతు కలిపితే ఆయన ఎంత సంబరపడతాడో ఊహించగలను.

తిండికి బెంగ వద్దు. వీధుల్లో ధోల్ పూరీ దొరుకుతుంది, తీపి లేని పోలె (బొబ్బట్టు) లాంటిది, పప్పు పిండి కూరి చేస్తారు, కూర, పచ్చడి వేసి జతగా ఇస్తారు. ఇక్కడి రూపాయి మన రెండు రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా ఇక్కడి దుకాణాల్లో నడుస్తోంది. అయినా చిన్న బండ్ల దగ్గరికి చిల్లర నగదు ఉంచుకోండి.

ఇప్పుడు కాగితాల పని. ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగాక స్టాంపు వేస్తారు. తిరుగు టికెట్, ఉండే చోటు వివరాలు చేతిలో ఉండాలి. మేం ఉండే లేబర్ క్వార్టర్స్‌లో కుటుంబాన్ని ఉంచనివ్వరు, గెస్ట్ హౌస్ ముందే మాట్లాడాలి. తొక్కు సీసాలు గట్టిగా మూసి పెట్టెలో సర్దుకోండి. మామిడి పండ్లు, విత్తనాలు, మొక్కలు మాత్రం తేవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. అమ్మ బీపీ మాత్రలతో పాటు డాక్టర్ చీటీ ఉండాలి. హైదరాబాద్ నుంచి బొంబాయి పోయి అక్కడ విమానం మారాలి, అక్కడి నుంచి ఆరు గంటల ప్రయాణం. టికెట్ తీసేటప్పుడే అమ్మకు వీల్‌చెయిర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు, విమానం మారేచోట దారి చూపే మనిషి వెంట ఉంటాడు. అమ్మకు, వదినకు పాస్‌పోర్టులు ఇంకా లేవు. పోలీసు ఎంక్వైరీకి పట్టే టైమ్ కూడా లెక్కేసుకుని, నాట్లు అయిపోగానే జనవరిలో మహబూబ్‌నగర్ పాస్‌పోర్టు కేంద్రానికి స్లాట్ పెట్టమని అన్నకు చెప్పాను.