పాత నెట్‌బుక్‌లో లైనక్స్: ముందు చూడాల్సినవి, మధ్యలో తగిలే చిక్కులు

పాత కంప్యూటర్ అనగానే ఏ లైనక్స్ వెయ్యాలి అని అడుగుతారు అందరూ. అది చివర్లో తేల్చుకోవచ్చు. ముందు తెలియాల్సింది ప్రాసెసర్ 64-బిట్టా, 32-బిట్టా అన్నది. ఏదైనా లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లైనక్స్ నడిపేది) బూట్ చేసి టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి, పై వరసల్లోనే కనిపిస్తుంది. కోర్ 2 డుయోలన్నీ 64-బిట్టే. తికమకంతా నెట్‌బుక్‌ల దగ్గరే. 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 పూర్తిగా 32-బిట్, 2010 నాటి ఎన్450 మాత్రం 64-బిట్. పైకి చూస్తే రెండు మిషన్లూ ఒకేలా ఉంటాయి.

దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే 32-బిట్ దారి మూసుకుపోతోంది. డెబియన్ అనే లైనక్స్ రకం తీసుకుంటే, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీకి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ (సిస్టమ్‌కి గుండెకాయ) లేదు. క్రోమ్ 2016లోనే 32-బిట్ లైనక్స్‌ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది. ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే ఈఎస్‌ఆర్ 140 వెర్షన్‌కి మాత్రం కనీసం 2026 సెప్టెంబరు వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. కాబట్టి 64-బిట్ అయితే డెబియన్ 13, 32-బిట్ అయితే డెబియన్ 12 లేదా పాత మిషన్లకి సరిపోయే తేలికైన యాంటీఎక్స్ 23. డెబియన్ 13తో ఒక జాగ్రత్త: అందులో తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ ఫోల్డర్ ర్యామ్‌లో కూర్చుంటుంది, సగం ర్యామ్ దాకా తినగలదు. 1 జీబీ మిషన్‌లో అది భరించలేం. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో టీఎంపీ డాట్ మౌంట్‌ని మాస్క్ చేసి రీబూట్ చేస్తే మళ్లీ డిస్క్ మీదికి వెళ్తుంది.

ఇక ఎన్270 సంగతి. ఒక్క కోర్, 1.6 గిగాహెర్ట్జ్. దానితో వచ్చే 945జీఎస్‌ఈ చిప్‌సెట్ 2 జీబీకి మించి ర్యామ్ తీసుకోదు. చాలా మోడళ్లలో స్లాట్ ఒక్కటే కాబట్టి 1 జీబీ స్టిక్ తీసి 2 జీబీ డీడీఆర్2 ల్యాప్‌టాప్ స్టిక్ పెట్టాలి. కొత్తది దొరకడం కష్టం, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్‌హ్యాండ్ షాపుల్లో అడగండి. పెట్టాక మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) ఒక రౌండ్ పూర్తిగా తిప్పండి. పాడైన స్టిక్ వల్ల వచ్చే క్రాష్‌లకి లైనక్స్‌ని తిట్టుకోవడం మామూలే. సాటా పోర్టు ఉంటే 120 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పోర్టు పాతదైనా, చిన్న చిన్న ఫైళ్ల కోసం తిరిగే హార్డ్‌డిస్క్ వెతుకులాట తప్పుతుంది. ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) మార్చినా రాని వేగం ఇక్కడ వస్తుంది.

పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో కనబడకపోతే బయాస్‌లో (మిషన్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) హార్డ్‌డిస్క్‌ల వరస విప్పి చూడండి. కొన్ని పాత బయాస్‌లు పెన్‌డ్రైవ్‌ని అక్కడ దాచిపెడతాయి, దాన్ని పైకి జరపాలి. డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ చేస్తూ సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి స్టాండర్డ్ యుటిలిటీస్ ఒక్కటి ఉంచండి. తర్వాత ఎక్సార్గ్ (తెర మీద బొమ్మ చూపేది), ఐస్‌డబ్ల్యూఎం (విండోలు చూసుకునేది), పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం (ఫైళ్లు చూపేది), నెట్‌వర్క్-మేనేజర్ వేస్తే సరిపోతుంది. ఇంత చేసే ఓపిక లేకపోతే యాంటీఎక్స్‌లో ఇదంతా సిద్ధంగా ఉంటుంది.

వైఫై దగ్గర రెండు చోట్ల ఆగిపోతారు. బ్రాడ్‌కామ్ కార్డయితే బీ43 ఫర్మ్‌వేర్‌ని (కార్డు నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) నెట్ నుంచి దించుకోవాలి, నెట్ కోసమేమో ఆ ఫర్మ్‌వేరే కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే గండం గడుస్తుంది. రెండోది, ఇన్‌స్టాలర్ వైఫై వివరాల్ని ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసేస్తే నెట్‌వర్క్-మేనేజర్ ఆ కార్డు జోలికే రాదు. ఈటీసీ ఫోల్డర్లో, నెట్‌వర్క్ కింద ఉన్న ఆ ఫైల్లోంచి వైఫై వరసలు తీసేసి రీబూట్ చెయ్యాలి.

945 చిప్‌సెట్‌కి ఇంకో జబ్బు ఉంది. కొన్ని నెట్‌బుక్‌లలో లేని టీవీ పోర్టు ఉన్నట్టు కెర్నల్‌కి కనిపిస్తుంది. దాన్ని వెతుకుతూ బూట్ మధ్యలో చాలాసేపు నిలబడిపోతుంది. గ్రబ్‌లో (లైనక్స్ బూట్ మెనూ) కెర్నల్ వరసకి వీడియో పారామీటర్‌తో ఎస్‌వీడియో-1ని డిసేబుల్ చేస్తే పోతుంది.

అప్‌డేట్లు రాకుండా రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదని ఎర్రర్ వస్తోందా, ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ తప్పంటోందా? తేదీ చూడండి. బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. నెట్‌బుక్‌లలో తరచుగా అది వైరుతో, కనెక్టర్‌తో ఉంటుంది, కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లండి.

ర్యామ్ 1 జీబీ దగ్గరే ఉండిపోతే జీర్యామ్ తప్పనిసరి. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా (ర్యామ్ నిండితే వాడే అదనపు చోటు) వాడుకోవడమన్నమాట. డెబియన్‌లో జీర్యామ్-టూల్స్ వేసి, ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్లో జీర్యామ్‌స్వాప్ ఫైల్ తెరిచి, ఆల్గో, పర్సెంట్ వరసల ముందున్న హ్యాష్ గుర్తు తీసి ఎల్‌జెడ్4, 50 అని ఉంచండి. జెడ్‌స్టాండర్డ్ ఇంకా బాగా కుదిస్తుంది కానీ ఒంటి కోర్ ఆటమ్‌కి ఆ పని బరువు. దీని వెనక డిస్క్ మీద 1 జీబీ స్వాప్ కూడా ఉండాలి.

బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వెయ్యండి. ప్రకటనల స్క్రిప్టులు ఆగితే పేజీ తెరుచుకునే తీరే మారిపోతుంది. వీడియో మాత్రం 360పీ దాటించొద్దు, ఈ గ్రాఫిక్స్ చిప్ హెచ్264ని డీకోడ్ చెయ్యదు, భారమంతా ప్రాసెసర్ మీదే.

తెలుగు పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే లోహిత్ తెలుగు ఫాంట్ ప్యాకేజీ ఒక్కటి చాలు. నోటో మొత్తం వేస్తే చైనీస్, జపనీస్ ఫాంట్లతో వందల ఎంబీలు వచ్చిపడతాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవారికి ఐబస్ (భాషల టైపింగ్ ప్రోగ్రామ్) అక్కర్లేదు. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌కి ఇండియా లేఅవుట్, తెలుగు వేరియంట్ ఇచ్చి, మార్చుకోవడానికి ఆల్ట్-షిఫ్ట్ పెట్టుకుంటే వెనకాల ఏ ప్రోగ్రామూ నడవాల్సిన పని లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికే ఐబస్, ఎం17ఎన్ కావాలి.

అప్‌డేట్లు ఆగాక 32-బిట్ మిషన్‌లో బ్యాంకు సైట్లు, మెయిల్ తెరవొద్దు. అబీవర్డ్‌లో రాతపని, పీడీఎఫ్‌లు చదవడం, పిల్లలకి పైథాన్ నేర్పడం, పాటలు: వీటికి నెట్ అక్కర్లేదు, ఎన్270 వీటిని హాయిగా లాగుతుంది.