రెండో ఏడాది ఫీజు

ఈ రోజు సెలవు. పెద్దగా చేసిందేమీ లేదు. ఉతికిన బట్టలు మడతపెట్టి, ఫోన్‌లో పేరుకుపోయిన మెసేజ్‌లు తీసేస్తుంటే ఒకటి కంటపడింది. ట్రావెల్ క్రెడిట్ కార్డు వార్షిక ఫీజు వచ్చే నెల బిల్లులో పడుతుందట. ఉంచుకోవాలో వద్దో ఈలోపే తేల్చుకోవాలి. మధ్యాహ్నం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

తీసుకున్నప్పుడు ఇంత ఆలోచన అక్కర్లేకపోయింది. వెల్‌కమ్ బోనస్ పాయింట్లతోనే ఆ ఏడాది ఫీజు వచ్చేసింది. కానీ బోనస్ ఒక్కసారే ఇస్తారు, ఫీజు మాత్రం ఏటా పడుతుంది. కార్డు అసలు సంగతి రెండో ఏడాదిలోనే బయటపడుతుంది.

బ్యాంకు పంపిన ప్రయోజనాల పట్టిక చూస్తే మనమే వాళ్ళకి బాకీ ఉన్నామేమో అనిపిస్తుంది. ఎయిర్‌పోర్ట్ లాంజ్ విలువ ఇంత, హోటల్ ఖర్చులో తిరిగిచ్చే క్రెడిట్ ఇంత, ఇన్సూరెన్స్ ఇంత అని అన్నీ కూడి, ఫీజుకంటే బాగా పెద్ద మొత్తం చూపించారు. నేను ఆ అంకెలన్నీ కొట్టేశాను. ఈ కార్డే లేకపోతే ఇదే సౌకర్యానికి జేబులోంచి ఎంత ఇచ్చేవాణ్ణి? ప్రతి వరుస పక్కనా ఆ అంకె మాత్రమే రాశాను.

లాంజ్ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నచ్చదని కాదు, చాలా నచ్చుతుంది. కానీ డబ్బు పెట్టి పాస్ కొనమంటే ఎప్పుడూ కొనను. బయట ఎలాగూ తాగే కాఫీ, తినే టిఫిన్ ఖర్చు మిగులుతుంది, అంతే. పైగా ఇప్పుడు చాలా కార్డులకి ముందు ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అనే షరతు ఉంటోంది. వెంట వచ్చినవాళ్ళకి విడిగా కట్టాల్సి రావచ్చు. మా ఆవిడ కాగితం వైపు తొంగి చూసి, "లాంజ్ కోసం గంట ముందే బయల్దేరదీస్తారు కదండీ, ఆ గంట కూడా రాయండి" అంది. రాయలేదు గానీ అంకె ఇంకొంచెం తగ్గించాను.

హోటల్ క్రెడిట్‌కి సగం విలువ వేశాను. బ్యాంకు సొంత పోర్టల్‌లో బుక్ చేస్తేనే వర్తిస్తుంది, అక్కడి రేటు నేరుగా హోటల్ సైట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ ఉన్న సందర్భాలు చూశాను. పైగా అలా బుక్ చేస్తే చాలా హోటళ్ళు తమ సొంత పాయింట్లు ఇవ్వవు. గడువులోపు వాడకపోతే క్రెడిట్ పోతుంది. వాడేద్దామని లేని ప్రయాణం పెట్టుకుంటే అది ఖర్చే, ఆదా కాదు. ఇన్సూరెన్స్‌కి కొంచెం వేశాను, టికెట్ ఇదే కార్డుతో కొంటేనే చాలావరకు వర్తిస్తుంది కాబట్టి. బల్లమీద వేస్తే ఠంగుమనే మెటల్ కార్డుకి సున్నా.

ఇక పాయింట్లు. ఫీజు లేని కార్డు 1.5 శాతం, ఇది 3 శాతం తిరిగి ఇస్తాయనుకుందాం. కలిసొచ్చేది 3 శాతం కాదు, తేడా 1.5 శాతమే. ఫీజు 10,000 అయితే, కేవలం పాయింట్లతో దాన్ని రాబట్టాలంటే ఏడాదికి దాదాపు 6,67,000 ఖర్చు ఈ కార్డు మీద నడవాలి. ఏ కరెన్సీ అయినా లెక్క ఇదే. పాయింటు విలువ కూడా మన చేతిలో లేదు. డెల్టా ఎయిర్‌లైన్స్ 2015లో ఏ టికెట్‌కి ఎన్ని మైళ్ళు (వాళ్ళ పాయింట్లు) కావాలో చెప్పే చార్టునే సైట్ నుంచి తీసేసింది. విదేశీ ఖర్చుల మీద బ్యాంకు అదనంగా వేసే మార్కప్ తప్పడం మాత్రం నిజమైన లాభం. కాకపోతే ఆ సౌకర్యం ఫీజు లేని కొన్ని కార్డుల్లోనూ దొరుకుతోంది.

అమెరికాలో చేజ్ బ్యాంకు వాళ్ళ సఫైర్ రిజర్వ్ కార్డు కథ గుర్తొచ్చింది. 2016లో 450 డాలర్ల ఫీజు, లక్ష పాయింట్ల బోనస్‌తో వచ్చింది. జనం ఎంతగా ఎగబడ్డారంటే, ఆ ఏడాది చివరి త్రైమాసికంలో లాభం 20 నుంచి 30 కోట్ల డాలర్లు తగ్గుతుందని బ్యాంకు అధిపతి జేమీ డైమన్ చెప్పాడు. 2020లో ఫీజు 550 అయింది, 2025లో 795. పెంచినప్పుడల్లా కొత్త క్రెడిట్లు చేర్చారు. అవన్నీ గుర్తుపెట్టుకుని వాడుకునే పని మాత్రం కార్డు తీసుకున్నవాళ్ళదే. కొందరు మర్చిపోతారన్నది కూడా వ్యాపారంలో భాగమేనని నా అనుమానం.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. "నాకైతే ఫీజు ఎప్పుడో వచ్చేసింది అన్నయ్యా" అన్నాడు. వాడికి నిజంగానే వస్తుంది. ఆఫీసు పనిమీద తిరుగుతూనే ఉంటాడు, టికెట్ డబ్బులు కంపెనీ ఇస్తుంది, పాయింట్లు వాడివి. లాంజ్ వాడికి భోజనాల గది. బిల్లు కూడా ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాడు. బాకీ మోసేవాళ్ళయితే ఈ కాగితమే తీయక్కర్లేదు, వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలవవు.

నా కాగితం మీద మొత్తం, ఫీజులో సగం దాటి కాస్త ముందుకొచ్చి ఆగిపోయింది. రేపు ఫోన్ చేసి ముందు ఫీజు మాఫీ చేస్తారేమో అడుగుతాను. అడిగితే కొందరికి చేస్తారు. కుదరదంటే అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకి మార్చమంటాను. ఖాతా పాతదే కొనసాగితే క్రెడిట్ హిస్టరీకి మంచిది. మారిస్తే ఉన్న పాయింట్లు ఏమవుతాయో మాత్రం ఫోన్ పెట్టేలోపే తెలుసుకోవాలి. తొందరపడి ఏదో ఎయిర్‌లైన్‌కి బదిలీ చేస్తే మామూలుగా వెనక్కి రావు.