కొత్త గోరు

ఈ రోజు గోళ్లు తీసుకుంటుంటే కాలి బొటనవేలి నుంచి ఫంగస్ పట్టిన గోరు చివరి పసుపు ముక్క ఊడిపోయింది. మిగిలింది నున్నగా, లేత గులాబీ రంగులో ఉన్న కొత్త గోరు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. 14 నెలలు పట్టింది మరి.

మొదట అంచున చిన్న మచ్చే. బూటు ఒరుసుకుందేమో అనుకుని వదిలేశాను. గోరు మందమెక్కి, దాని కింద సున్నంలాంటి పొడి చేరాక గానీ చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లలేదు. ఆవిడ వెంటనే మందు రాయలేదు. ఆ పొడిని గీరి పరీక్షకు పంపారు. సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నా, దెబ్బ తగిలినా గోరు ఇలాగే కనిపించవచ్చట. ఫంగస్ అని తేలాక, కాలేయ పరీక్ష చేయించి, 12 వారాల పాటు వేసుకోమని టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు మాత్రలు ఇచ్చారు.

మాత్రలు అయిపోయినా గోరు అలాగే ఉండేసరికి బెంగపడ్డాను. పాడైన గోరు బాగుపడదనీ, మొదలు నుంచి కొత్తది రావాలనీ ఆవిడే ఓపికగా చెప్పారు. కాలి గోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది!

ఇది మళ్లీ వచ్చే జబ్బు. అందుకే వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకుంటున్నాను, నా నెయిల్ కట్టర్ వేరుగా పెట్టుకున్నాను. మధుమేహం ఉన్నవారు మాత్రం దయచేసి నాలా ఆలస్యం చేయకండి. వారికి పాదం మీద చిన్న గాయమైనా పుండుగా మారవచ్చు.