దండం ఎవరికి పెట్టాలి?

"ఇక్కడ దేవుడు లేడు కదమ్మా, దండం ఎవరికి పెట్టాలి?" అన్నాడు మా తొమ్మిదేళ్ల బాబు. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో డొమినికన్ చర్చి గుమ్మం దాటగానే నేను చేతులు జోడించి, వాణ్ణి కూడా పెట్టమన్నాను. వాడు జేబుల్లోంచి చేతులు తీయలేదు.

వాడు చెప్పింది నిజమే. సుమారు 300 ఏళ్ల నాటి ఆ చర్చిలో 2017లో ఆరాధన ఆపేశారు. 2018 నుంచి అక్కడ జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ కళాకృతి ఉంది. పైనుంచి దాదాపు 29 మీటర్ల తీగకు వేలాడే 48 కిలోల లోహపు గుండు, పక్కల గోడలకు ఎత్తైన బూడిదరంగు అద్దాలు. 1851లో పారిస్‌లో ఫూకో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త భూమి తిరుగుతోందని చూపించిన లోలకం లాంటిదే ఇదీ. గుండు ఊగే దిశ గంటకు దాదాపు 12 డిగ్రీలు మారినట్టు కనిపిస్తుంది. నిజానికి తిరుగుతున్నది కింద ఉన్న నేల.

ఇంట్లో దీపం పెట్టేటప్పుడు రెండు నిమిషాలు నిలబడని వాడు, అక్కడ అరగంట కదల్లేదు. "మనమే తిరుగుతున్నామమ్మా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. కారెక్కగానే, ఎవరి గుడైనా గుడేనని గట్టిగా క్లాసు పీకాను.

మరి పోయిన క్రిస్మస్‌కి క్లాసు పిల్లలందరూ చర్చికి వెళ్తుంటే, వీణ్ణి పంపనని టీచరుకి ఉత్తరం రాసింది నేనే. ప్రార్థన జరిగే చర్చికి పంపలేదు, ప్రార్థన ఆగిపోయిన చర్చిలో దండం పెట్టలేదని కోప్పడ్డాను. వాడికి ఆ ఉత్తరం గుర్తుండే ఉంటుంది. అయినా అనలేదు.

మా ఊరి చెరువుగట్టు మీద ధూపదీప నైవేద్యాలు లేని శివాలయం ఒకటుండేది. అమ్మమ్మ చెప్పులు విప్పి, చెంపలు వేసుకుని గానీ దాన్ని దాటేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, పక్కన నిలబడి నేనూ వేసుకునేదాన్ని. పిల్లలకి కారణం చెప్పి నేర్పాలని తోటి తల్లులతో అంటుంటాను కానీ, నాకెవరూ చెప్పని కారణం వీడికి ఎక్కణ్నించి తెచ్చి చెప్పను?

మళ్లీ ఆ లోలకం దగ్గరికి తీసుకెళ్లమంటున్నాడు. ఈసారి వాణ్ణి దండం పెట్టమనకూడదనే అనుకుంటున్నాను. గుమ్మం దాకా వెళ్లాక ఆ మాట మీద ఉంటానో లేదో.